గోడ మీది నాచుకి కొవ్వుతో పనేంటి?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీరు అడిగింది ఇది కదా: ప్రహరీ గోడ మీద ఎండాకాలం అంతా నల్లగా మాడిపోయినట్టుండే నాచు, తొలకరి పడ్డ కాసేపటికే పచ్చగా ఎలా విచ్చుకుంటుంది, "నాచులో చేపనూనెలో ఉండే కొవ్వే ఉంటుంది" అని మీ లెక్చరర్ అన్నది నిజమేనా, నిజమైతే అంత పలచటి మొక్కకి కొవ్వు ఎందుకు, దీని మీద ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేయొచ్చా. నేను పదిహేడేళ్ళుగా మొక్కల కొవ్వుల మీద పనిచేస్తున్నాను, అందులో ఎక్కువ కాలం నాచు మీదే గడిచింది, అందుకని కాస్త పొడుగ్గానే రాస్తాను.

ముందు ఒక మాట సరిచేసుకుందాం. మనం తెలుగులో చెరువులో జారుడుగా ఉండేదాన్నీ నాచే అంటాం, గోడ మీద మెత్తగా వెల్వెట్ గుడ్డలా పెరిగేదాన్నీ నాచే అంటాం. మొదటిది శైవలం, అంటే ఆల్గే. రెండోది మాస్, పూలూ గింజలూ లేని బ్రయోఫైటా అనే చిన్న మొక్కల గుంపులోది, మీరు డిగ్రీలో చదివిన ఫ్యునేరియా చుట్టం. నేను ఇక్కడ నాచు అన్న ప్రతిచోటా రెండోదే. ఈ తేడా ఎందుకు పట్టుబట్టి చెప్తున్నానంటే, కొవ్వుల విషయంలో ఈ రెండూ కలిసిపోతే ఎంత నష్టమో నాకు అనుభవం, అది చివర్లో చెప్తాను.

మీ లెక్చరర్ చెప్పింది నిజమే. కాకపోతే సగం. చేపనూనె మాత్రల మీద రాసి ఉండే ఒమేగా-3 కొవ్వు ఆమ్లం ఈపీఏ నాచులో ఉంటుంది, కానీ చాలా నాచుల్లో దానికన్నా ఎక్కువగా ఉండేది అరాకిడోనిక్ ఆమ్లం, అంటే మన ఒంట్లో, గుడ్డులో, మాంసంలో ఉండే ఒమేగా-6 కొవ్వు. ఇరవై కార్బన్ల గొలుసు, అందులో నాలుగు ద్విబంధాలు, అంటే రెండు కార్బన్ల మధ్య జంట బంధాలు. వరి, కంది, మామిడి, మందారం, ఏ పూలమొక్కని తీసుకున్నా ఆకులో మామూలుగా పదహారు, పద్ధెనిమిది కార్బన్ల గొలుసుల దగ్గరే కథ ఆగిపోతుంది. నాచు అక్కడ ఆగదు. ప్రయోగశాలల్లో అందరూ పెంచే ఫిస్కోమిట్రెల్లా పేటెన్స్‌లో (ఇప్పుడు దాని పేరు ఫిస్కోమిట్రియం అని మార్చారు) పెంచే పరిస్థితిని బట్టి మొత్తం కొవ్వు ఆమ్లాల్లో 10 నుంచి 30 శాతం దాకా అరాకిడోనిక్ ఆమ్లమే కనిపిస్తుంది. కొవ్వు ఆమ్లాల్ని విడదీసి చూపే గ్యాస్ క్రోమటోగ్రఫీ గ్రాఫులో నేను మొదటిసారి ఆ పీకు చూసినప్పుడు, ఎవరో సాంపిల్‌లో గుడ్డు కొవ్వు కలిపారేమో అనుకున్నాను, మళ్ళీ మొదట్నించీ చేశాను, మళ్ళీ అదే వచ్చింది.

ఇప్పుడు అసలు సంగతి, ఎందుకు అన్నది. దీనికి నాచు ఒంటి నిర్మాణం గుర్తు తెచ్చుకోండి. ఆకు, మధ్య ఈనె తప్పితే, చాలా జాతుల్లో ఒకే ఒక్క కణం మందం. నీళ్ళు లాగే వేరు లేదు, నిలవ పెట్టుకునే కాండం లేదు. మామిడాకు కణంలోని నీరు బయటికి పోవాలంటే పైన మైనపు పూత, బాహ్యచర్మం, ఇన్ని దాటాలి. నాచు కణానికి అటూ ఇటూ గాలే. గాలిలో తేమ పోతే కణంలో నీరు పోతుంది, అంతే. అంటే బతకడమా చావడమా అన్నది తేలేది కణత్వచం దగ్గరే, ఆ త్వచం కొవ్వుతో చేసింది. నాచుకి కొవ్వు ఎందుకు అంటే నా మొదటి జవాబు ఇదే. దాని రక్షణ వేర్లలోనో బెరడులోనో లేదు, త్వచంలో ఉంది.

త్వచం అంటే కొవ్వు అణువులు రెండు వరుసలుగా నిలబడటం, తలలు నీటివైపు, తోకలు లోపలికి. తడిగా ఉన్నప్పుడు తలల చుట్టూ నీరుంటుంది కాబట్టి అవి ఎడంగా ఉంటాయి, తోకలు కదులుతూ ఉంటాయి, త్వచం నూనెలా పారే స్థితిలో ఉంటుంది. నీరు పోయేకొద్దీ తలలు దగ్గరికి జరుగుతాయి, తోకలు ఒకదానికొకటి అతుక్కుని గట్టిపడతాయి. చలికాలం పొద్దున్నే సీసాలో కొబ్బరినూనె పేరుకుపోవడం చూశారు కదా, అటువంటిదే. మళ్ళీ నీరు తగిలినప్పుడు ఒకచోట త్వచం కరిగి, పక్కన ఇంకా గట్టిగా ఉంటే ఆ సందుల్లోంచి కణంలోని ఉప్పులూ చక్కెరలూ బయటికి కారిపోతాయి. వరి నారుని పూర్తిగా ఎండబెట్టి నీళ్ళు పోస్తే లేవకపోవడానికి ఒక ముఖ్య కారణం ఇదే, కారడం మొదలైతే ఆగదు.

ఎండుకి తట్టుకునే నాచులో కూడా ఈ కారడం ఉంటుంది! ఇది చాలామందికి తెలియదు. సింట్రికియా రూరాలిస్ అనే నాచు మీద దశాబ్దాలుగా పని జరిగింది, దాన్ని ఎండబెట్టి తడిపితే మొదటి నిమిషాల్లో లోపలి పదార్థాలు నీళ్ళలోకి వస్తాయి, తర్వాత త్వచం సర్దుకుని కారడం ఆగిపోతుంది, పోయినవాటిలో కొంత తిరిగి లోపలికి లాక్కుంటుంది. నిదానంగా ఎండితే కారేది తక్కువ, గబగబా ఎండబెడితే ఎక్కువ. ఎండే సమయంలో కణంలో ఉండే సుక్రోజు నీటి స్థానంలో కొవ్వు తలల మధ్య కూర్చుని అవి మరీ అతుక్కోకుండా ఎడం పెడుతుంది, దానికి తోడు కొన్ని రక్షక ప్రొటీన్లు ఉంటాయి. మీ గోడ మీద ఉన్నది బహుశా హయోఫిలా ఇన్వొల్యూటా అయ్యుంటుంది, మన మైదాన ప్రాంతాల్లో ఇటుక గోడల మీద, సిమెంటు మీద బాగా కనిపించే నాచు అదే. ఎండితే ఆకు అంచులు లోపలికి చుట్టుకుపోతాయి, తడిస్తే నక్షత్రంలా విచ్చుకుంటాయి. ఆ విచ్చుకోవడం మాత్రం కణకవచం నీరు పీల్చడం వల్ల జరిగేది, చచ్చిన నాచు కూడా విచ్చుకుంటుంది. కాబట్టి పచ్చగా కనబడింది కదా బతికింది అని అనుకోకండి, బతికిందో లేదో చెప్పేది త్వచం కారడం ఆగిందా లేదా అన్నది.

ఇక ఇంత పొడుగు కొవ్వు ఆమ్లం ఎందుకు? కరిగే ఉష్ణోగ్రతలు చూడండి. ఒక్క ద్విబంధం కూడా లేని స్టియరిక్ ఆమ్లం సుమారు 69 డిగ్రీల దాకా గట్టిగానే ఉంటుంది, ఒక ద్విబంధం ఉన్న ఓలియిక్ 13 దగ్గర, రెండున్న లినోలియిక్ మైనస్ 5 దగ్గర, మూడున్న ఆల్ఫా లినోలెనిక్ మైనస్ 11 దగ్గర కరుగుతాయి. నాలుగున్న అరాకిడోనిక్ మైనస్ 49. ఒక్కసారిగా ఎంత కిందికి దిగిందో చూడండి. ఇటువంటి తోకలు త్వచంలో ఉంటే అది చలిలో కూడా తేలిగ్గా గట్టిపడదు. నాచు ఎక్కువగా బతికేది కొండల మీద, మంచు ప్రాంతాల్లో, ఇతర మొక్కలు వెనక్కి తగ్గిన చోట. అందుకని చలికీ ఈ కొవ్వుకీ సంబంధం వెతకడం సహజం, అయితే మన గోడల మీద నలభై డిగ్రీల ఎండలో ఉండే నాచులకి కూడా పొడుగు గొలుసులు తయారుచేసే వారసత్వం ఉంది కాబట్టి చలి ఒక్కటే కారణం అని నేను ఒప్పుకోను. ఇంకో చిక్కు ఉంది. ద్విబంధాలు ఎక్కువైతే ఆక్సిజన్‌తో చప్పున పాడవుతుంది, అవిసె నూనె తెరిచిపెడితే ఎంత త్వరగా ముక్కిన వాసన వస్తుందో తెలుసు కదా. ఎండలో ఎండుతూ తడుస్తూ ఉండే మొక్క, పాడయ్యే గుణం ఎక్కువున్న కొవ్వుని ఇంత మోతాదులో పెట్టుకుందంటే అది ఊరికే కాదు, దాన్ని కాపాడుకోవడానికి టోకోఫెరాల్, గ్లుటాథయోన్ లాంటి ఆక్సిజన్ దెబ్బని ఆపే పదార్థాల మీద కూడా ఖర్చు పెడుతోంది. నాకు ఈ రంగంలో ఇష్టమైన ప్రశ్న ఇదే, ఇప్పటికీ.

దీన్ని ఎలా తయారుచేస్తుందో తెలిసిన తీరు బాగుంటుంది, కొంచెం చెప్పనివ్వండి. ఫిస్కోమిట్రెల్లాలో ఒక గొప్ప సౌలభ్యం ఉంది, మనం ఇచ్చిన డీఎన్ఏ ముక్క సరిగ్గా అదే వరుస ఉన్న చోటే వెళ్ళి కూర్చుంటుంది, పూలమొక్కల్లో అది చాలా అరుదు. అంటే కావలసిన జన్యువుని గురిచూసి పాడుచేసి, ఏమి పోయిందో చూడవచ్చు. 1998లో జర్మనీలో ఒక బృందం సరిగ్గా ఇదే చేసింది. ద్విబంధం పెట్టే డెల్టా-6 డీసాచురేజ్ అనే ఎంజైము జన్యువుని పగలగొట్టారు, అరాకిడోనిక్ ఆమ్లం దాదాపు మాయమైంది, దాని ముడిసరుకైన లినోలియిక్ పేరుకుపోయింది. అంటే దారి తేలిపోయింది: మన పొద్దుతిరుగుడు నూనెలో ఉండే లినోలియిక్ ఆమ్లంలో ఆరో కార్బన్ దగ్గర ఒక ద్విబంధం, తర్వాత గొలుసుకి రెండు కార్బన్ల పొడిగింపు, తర్వాత ఐదో కార్బన్ దగ్గర ఇంకో ద్విబంధం, మూడు అడుగుల్లో అరాకిడోనిక్. అదే యంత్రాంగం ఆల్ఫా లినోలెనిక్ మీద పనిచేస్తే ఈపీఏ.

మధ్యలో ఆ రెండు కార్బన్లు అతికించే ఎంజైము ఉంది చూశారా, దాని జన్యువుని నాచు నుంచి తీసి ఈరోజు పంటల్లో వాడుతున్నారు. ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ పరిశోధన కేంద్రం వాళ్ళు కెమెలీనా అనే ఆవజాతి నూనెగింజ మొక్కలో చేపనూనె కొవ్వులు పండించారు, 2014లో పొలంలో కూడా వేసి చూశారు. అందులో పెట్టిన జన్యువులు ఒకటి సముద్ర శైవలం నుంచి, ఒకటి ఇంకో సూక్ష్మజీవి నుంచి, ఇలా పలుచోట్ల నుంచి వచ్చాయి, పొడిగించే పని చేసేది మాత్రం నాచు జన్యువు. చేపల కోసం సముద్రాన్ని గీకక్కర్లేకుండా ఒమేగా-3 పండించే ప్రయత్నంలో నాచుకి వాటా ఉందని మీ క్లాసులో చెప్పండి.

ఇంకో సంగతి. గడ్డి కోసినప్పుడు వచ్చే పచ్చివాసన మీకు తెలుసు. అది గాయపడ్డ ఆకులో పద్ధెనిమిది కార్బన్ల లినోలెనిక్ ఆమ్లాన్ని ఎంజైములు విరిస్తే పుట్టే ఆరు కార్బన్ల ముక్క. నాచుని నలిపితే? దాని దగ్గర ఇరవై కార్బన్ల గొలుసుంది, విరిగితే ఎనిమిది కార్బన్ల ముక్కలు వస్తాయి, వాటిలో ఒకటి 1-ఆక్టెన్-3-ఓల్. ఇది పుట్టగొడుగు వాసన. నిజంగా పుట్టగొడుగులకి ఆ వాసన ఇచ్చే పదార్థమే. ఫిస్కోమిట్రెల్లాలో ఈ దారిని 2005 ప్రాంతంలో బయటపెట్టారు, నాచుకి చుట్టమైన లివర్‌వర్ట్ అనే బ్రయోఫైట్ల గుంపులోని మార్కాంషియాలో కూడా గాయం తగిలితే అరాకిడోనిక్ నుంచే ఈ వాసన వస్తుందని తర్వాత తేలింది. ఈసారి వానలో గుప్పెడు శుభ్రమైన నాచు తీసుకుని అరచేతిలో గట్టిగా నలిపి వెంటనే వాసన చూడండి, మట్టి వాసన కింద ఇంకోటి తెలుస్తుంది.

గాయం సంగతి వచ్చింది కాబట్టి హార్మోన్ల గురించి కూడా. పురుగు కొరికితే టమాటా మొక్క జాస్మోనిక్ ఆమ్లం తయారుచేసి మిగతా ఆకుల్ని హెచ్చరిస్తుందని చదివే ఉంటారు. అదీ కొవ్వు నుంచే పుట్టేది. నాచు ఆ దారిలో సగం దూరం వస్తుంది, జాస్మోనిక్ ఆమ్లానికి ముందు మెట్టయిన ఓపీడీఏ అనే పదార్థం దగ్గర ఆగిపోతుంది, జాస్మోనిక్ ఆమ్లం చేయదు. బూజు పట్టినప్పుడు నాచులో ఓపీడీఏ పెరుగుతుంది. చాలాకాలం అందరూ దీన్ని సగంలో ఆగిన దారి అనే అనుకున్నారు. 2018లో మార్కాంషియా మీద జరిగిన పనితో తేలింది ఏమిటంటే, పూలమొక్కల్లో జాస్మోనేట్‌ని గుర్తుపట్టే అదే గ్రాహకం బ్రయోఫైట్లలో ఓపీడీఏకి పొట్టి రూపమైన డైనార్-ఓపీడీఏని గుర్తుపడుతుంది. తాళం అదే, తాళంచెవి వేరు. సగం దారి కాదు, పూర్తి దారే.

దీనికి ఎదురుగా ఒక విచిత్రం చూడండి. ఆలుగడ్డ తెగులు, అంటే 1845లో ఐర్లండ్ కరువుకి కారణమైన ఫైటాఫ్తోరా, తన ఒంట్లో అరాకిడోనిక్ ఆమ్లం పెట్టుకుంటుంది. ఆలుగడ్డలో అది ఉండదు. కాబట్టి ఆలుగడ్డ కణాలు ఆ కొవ్వు తగలగానే శత్రువు వచ్చాడని పసిగట్టి రక్షణ మొదలుపెడతాయి, 1981లోనే ఈ విషయం బయటికి వచ్చింది. ఒక మొక్కకి ప్రమాద ఘంటిక అయిన కొవ్వు ఇంకో మొక్కకి ఇంటి గోడ. కొవ్వు ఆమ్లానికి ఒకే అర్థం ఉంటుందని అనుకునేవాళ్ళకి నేను ఎప్పుడూ ఈ ఉదాహరణే చెప్తాను.

మీరు "నాచుకి మైనం పూత ఉండదు కదా" అని రాశారు. ఇది పాఠ్యపుస్తకాల్లో ఉండే మాటే, పూర్తిగా ఒప్పు కాదు. ఆకు మీద ఉండే ఆ మైనపు పూత, అంటే అవభాసిని (క్యుటికిల్), చాలా పలచన, అందుకే ఆకు మొత్తంతో నీళ్ళు పీల్చగలుగుతోంది, మందంగా ఉంటే దాహంతో చచ్చేది. అయినా ఉంది. ఫిస్కోమిట్రెల్లాలో మైనాన్ని కణం బయటికి పంపే ఒక రవాణా ప్రొటీనుని పోగొడితే పూత పలచబడి ఎండుకి త్వరగా లొంగిపోయింది. 2017లో ఇంకో బృందం ఈ పూతలో కలిసే ఫినాల్ పదార్థాలు చేసే ఎంజైముని తీసేస్తే పూత ఏర్పడనే లేదు, చిగురులో లేత ఆకులు ఒకదానికొకటి అతుక్కుపోయాయి, మొక్క ఎదగలేదు. అంటే నీరు పోకుండా ఆపడం కన్నా ముందు, రెండు ఆకులు రెండుగా విడివిడిగా ఉండటానికే ఆ పూత కావాలి.

అన్నిటికన్నా మందమైన పూత ఎక్కడుందో తెలుసా? కాలిప్ట్రా మీద. ఫ్యునేరియా బొమ్మ వేసేటప్పుడు గుళిక మీద చిన్న టోపీ వేస్తారు, మార్కులకోసం పేరు రాస్తారు, దాని పనేంటో ఎవరూ అడగరు. ఆ టోపీ తల్లి మొక్క కణజాలం, లోపల ఉన్నది బిడ్డ, అంటే సిద్ధబీజాలు (స్పోర్లు) ఇచ్చే సిద్ధబీజదం. బిడ్డ లేతగా ఉన్నప్పుడు దాని సొంత పూత ఇంకా తయారవదు. ఆ రోజుల్లో ఎండనుంచి కాపాడేది తల్లి టోపీ మీద ఉన్న మైనం. జెస్సికా బడ్కె అనే శాస్త్రవేత్త, ఆవిడ తోటివాళ్ళు ఫ్యునేరియా హైగ్రోమెట్రికాలో ఈ పూతని ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చూసి నాలుగు పొరలు గుర్తించారు, తర్వాత 2013లో టోపీ ఉంచి దాని మైనాన్ని మాత్రం తీసేసి కాస్త ఎండనిచ్చి చూస్తే, సిద్ధబీజదాలు ఎక్కువగా చచ్చిపోయాయి, బతికినవి కూడా తక్కువ సిద్ధబీజాలు ఇచ్చాయి. నేను ఈ పేపరు చదివిన రోజున, కాలేజీలో ఎన్నిసార్లు ఆ టోపీ బొమ్మ వేశానో గుర్తొచ్చి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను.

నిలవ కొవ్వు సంగతి త్వరగా చెప్తాను. సిద్ధబీజాల్లో నూనె బొట్లుగా ఉంటుంది, మొలకెత్తేటప్పుడు ఖర్చవుతుంది. వేరుశనగ గింజలో, నువ్వుల్లో నూనె బొట్లు ఒకదానిలో ఒకటి కలిసిపోకుండా చుట్టూ ఓలియోసిన్ అనే ప్రొటీను ఉంటుంది, నాచు నూనె బొట్ల మీదా అదే ఉందని 2009లో చూపించారు. విత్తనం అనేది పుట్టకముందే ఆ ఏర్పాటు ఉందన్నమాట. ఇక్కడ ఒక జాగ్రత్త, లివర్‌వర్ట్‌లలో "ఆయిల్ బాడీ" అని ఒకటుంటుంది, అది ఇది కాదు. దానికి చుట్టూ పూర్తి త్వచం ఉంటుంది, లోపల టర్పీన్లు ఉంటాయి, పని తిండి నిలవ కాదు, పురుగుల్ని దూరం పెట్టడం. పేరొకటే కాబట్టి వైవాలో చాలామంది ఇక్కడ పడిపోతారు. సిద్ధబీజం పైపొర స్పోరోపొల్లెనిన్ కూడా కొవ్వు గొలుసులు, ఫినాల్ పదార్థాలు కలిసి అల్లుకున్నదే, ఆమ్లాలకి కూడా లొంగదు.

వీర్యకణాల విషయం మాత్రం విడిచిపెట్టలేను. నాచు వీర్యకణం నీళ్ళలో ఈదాలి, చాలా చిన్నది, దూరం వెళ్ళలేదు. వీర్యకణాలు తయారయ్యే ఆంథరీడియం అనే సంచి పగిలి వాటి గుంపు నీటి పైతలానికి చేరగానే, దానితో వచ్చిన కొవ్వు నీటిపైన పరుచుకుని తలతన్యతని తగ్గిస్తుంది, ఆ లాగుడుకి గుంపు మొత్తం క్షణాల్లో విడిపోయి నీటిపైన దూరందాకా చెదురుతుంది. ఇది 1942లోనే వివరంగా రాశారు. నీళ్ళ పళ్ళెంలో మిరియాల పొడి చల్లి మధ్యలో సబ్బు చుక్క వేస్తే పొడి అంచులకి పరిగెత్తడం పిల్లలకి చూపిస్తాం కదా, సూత్రం అదే.

కొన్ని నాచుల్లో ఇంకా అరుదైన కొవ్వులు ఉన్నాయి, డైక్రానం, సెరటోడాన్ వంటివాటిలో గొలుసు మధ్య త్రిబంధం ఉండే కొవ్వు ఆమ్లాలు, డైక్రానిన్ అంటారు ఒకదాన్ని. అలాగే పూలమొక్కలు వదిలేసిన డీజీటీఎస్ అనే త్వచం కొవ్వు (బీటైన్ లిపిడ్) బ్రయోఫైట్లలో, ఫెర్నుల్లో ఇంకా ఉంది, దానికి ఫాస్ఫరస్ అక్కర్లేదు. పీట్ నేలల్లో వేల ఏళ్ళ కింద పాతుకున్న స్పాగ్నం నాచుని కూడా కొవ్వుతోనే గుర్తుపడతారు, దాని మైనంలో 23, 25 కార్బన్ల ఆల్కేన్లు ఎక్కువ, చాలా పూలమొక్కల మైనంలో 29, 31. ఆ నిష్పత్తి చూసి ఒకప్పుడు ఆ చోట ఎంత తడి ఉండేదో అంచనా కడతారు.

జంతువుల గురించి అడిగారు, "ఇంత మంచి కొవ్వు ఉంటే అందరూ నాచు ఎందుకు తినరు" అని. నాచు సులువుగా అరగదు, అందుకని వేడి ప్రాంతాల్లో దాదాపు ఎవరూ ముట్టరు. కానీ ఉత్తర ధ్రువం దగ్గర రెయిన్‌డీర్లు, లెమ్మింగులు, బాతులు తింటాయి. హెర్బర్ట్ ప్రిన్స్ అనే పర్యావరణ శాస్త్రవేత్త 1982లో ఒక ఊహ ముందుపెట్టారు: నాచులోని అరాకిడోనిక్ ఆమ్లం జంతువు పాదాల కణత్వచాల్లో చేరి మంచులో నిలబడ్డప్పుడు అవి గట్టిపడకుండా చూస్తుందేమో, అందుకే చలి ప్రాంతాల్లోనే జంతువులు నాచు తింటాయేమో అని. ఇది ఊహ, రుజువైన సంగతి కాదు, మీరు రాసేటప్పుడు కూడా ఊహ అనే రాయండి.

ఇక మీ ప్రాజెక్టు. చేయొచ్చు, తప్పకుండా చేయండి, ఖరీదైన పరికరాలు లేకపోయినా చేయగలిగింది చాలా ఉంది.

కానీ నా తప్పు మీరు చేయకండి. మొదట్లో ఒకసారి ఊరికి వెళ్ళినప్పుడు బావి గట్టు మీది నాచు తెచ్చి కొవ్వు తీశాను, ఈపీఏ విపరీతంగా వచ్చింది, ఎగిరి గంతేశాను, రెండు నెలలు దాని చుట్టూ తిరిగాను. తీరా సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే ఆకుల మధ్య నిండా డయాటమ్‌లు, అంటే ఒంటికణపు శైవలాలు. ఈపీఏ వాటిది! బయట నాచులో డయాటమ్‌లు, శైవలాలు, బూజులు, రోటిఫర్లు, నెమటోడ్లు అన్నీ కాపురం ఉంటాయి, వాటిలో చాలావాటికి సొంత పొడుగు కొవ్వులు ఉన్నాయి. అందుకే ప్రయోగశాలల్లో సిద్ధబీజాన్ని క్రిమిరహితం చేసి అగర్ మీద పెంచిన నాచుతోనే తుది మాట చెప్తారు. మీరు బయటిదే వాడాల్సి వస్తే పైకొసలు మాత్రం కత్తిరించి, స్వేదనజలంతో పదిసార్లు కడిగి, ప్రతి సాంపిల్ నుంచి కొన్ని ఆకులు స్లయిడు మీద చూసి, కనబడ్డవన్నీ నోట్‌బుక్‌లో రాసి, అప్పుడు ముందుకి వెళ్ళండి.

కొవ్వు తీసే ముందు ఇంకో ప్రమాదం. మొక్క కణాన్ని నూరగానే ఫాస్ఫోలైపేజ్ డి అనే ఎంజైము లేచి త్వచంలోని ఫాస్ఫోలిపిడ్లని నరికేస్తుంది, ఆ నరికిన ముక్కైన ఫాస్ఫాటిడిక్ ఆమ్లం మీకు ఎక్కువగా కనబడుతుంది, అదేదో ఒత్తిడి వల్ల వచ్చిందని రాసేస్తారు. ముందే 75 డిగ్రీల దగ్గర వేడి ఐసోప్రొపనాల్‌లో పదిహేను నిమిషాలు ఉంచితే ఎంజైములు చచ్చిపోతాయి, ఆ తర్వాతే క్లోరోఫాం, మెథనాల్ 2:1 మిశ్రమంతో తీయండి. క్లోరోఫాం పని ఫ్యూమ్ హుడ్‌లోనే, కిటికీ తెరిచాం కదా అని బల్ల మీద చేయకండి. తీసినదాన్ని సిలికా ప్లేటు మీద హెక్సేన్, ఈథర్, కొద్దిగా ఎసిటిక్ ఆమ్లంతో నడిపి అయోడిన్ ఆవిరిలో పెడితే నిలవ కొవ్వు పైకి వెళ్ళి చుక్కగా కనబడుతుంది, త్వచం కొవ్వులు కిందే ఉండిపోతాయి. ఎండిన నాచు, తడి నాచు పక్కపక్కన నడపండి.

అయితే నన్నడిగితే మొదట చేయాల్సింది ఇది కూడా కాదు, కారడం కొలవడం. కండక్టివిటీ మీటర్ ప్రతి కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో ఉంటుంది. ఒకే బరువున్న నాచు మూడు కుప్పలు తీసుకోండి. ఒకటి నీడలో మూత పెట్టిన డబ్బాలో రెండు రోజులు నిదానంగా ఎండనివ్వండి, ఒకటి ఫ్యాన్ కింద గబగబా, మూడోది తడిగానే ఉంచండి. తర్వాత స్వేదనజలంలో వేసి అర నిమిషానికొకసారి పది నిమిషాలపాటు రీడింగు రాయండి, చివర్లో మరిగించి మొత్తం ఎంత కారగలదో కొలవండి, దాని మీద శాతం కట్టండి. గబగబా ఎండినదాని గీత ఎంత నిటారుగా లేస్తుందో, ఎక్కడ వంగుతుందో చూస్తే, త్వచం సర్దుకోవడం మీ కళ్ళముందే జరుగుతున్నట్టుంటుంది. ఆ పక్కనే ఒక ఆకుని సుడాన్-3 రంగులో పెట్టి నూనె బొట్లు నారింజ రంగులో ఎన్ని కనిపిస్తున్నాయో లెక్కపెట్టండి, క్లోరోఫిల్ అడ్డొస్తుంది కాబట్టి వీలైతే సిద్ధబీజాల మీద కూడా చేయండి, అక్కడ ఇంకా స్పష్టంగా ఉంటుంది.

సేకరణ మాత్రం తొలకరి పడకముందే చేసుకోండి, ఎందుకంటే ఒక్కసారి తడిస్తే మీకు కావలసిన ఎండు స్థితి చెదిరిపోతుంది. చాకుతో గోడ నుంచి పెచ్చుగా లేపి, తేదీ, చోటు, గోడ ఏ దిక్కుకి ఉందో రాసి కాగితపు కవర్లలో పెట్టండి. ప్లాస్టిక్ కవరు వద్దు, చెమ్మ పట్టి వారంలో బూజొస్తుంది, ఆ బూజు కొవ్వు కూడా మీ లెక్కలో కలిసిపోతుంది.